నిలుపు బిళ్ళ, నేతి ముద్ద

రోజు 1

డాక్టరమ్మ ఈ పుస్తకం చేతికిచ్చి, యాభై ఆరు రోజులు రాయాలని చెప్పింది. నిలుపు బిళ్ళ వేసుకునే ప్రతి ఆడమనిషీ రాయాల్సిందేనట. ఒంట్లో ఏ తేడా వచ్చినా రాయాలి, రాకపోతే రాలేదని రాయాలి. నాకు రాత కొత్త కాదు. పదేళ్లుగా తలుపు దగ్గర కూర్చుని ఎవరు ఎన్ని గంటలకు నీళ్లలోకి వెళ్లారో, ఎన్ని గంటలకు తిరిగొచ్చారో రాస్తున్నదాన్ని. కానీ ఊళ్లోవాళ్ల రాకపోకలు రాయడం వేరు, నా కడుపు సంగతి నేనే రాసుకోవడం వేరు.

నా పేరు నూకరత్నం. ముప్పై నాలుగేళ్లు. సముద్రం అడుగున ఉన్న ఈ లోతూరులో రెండో తలుపు నాది. పొద్దున్నే నాచు తోటలకు వెళ్లేవాళ్లు నలుగురేసి తడి గదిలో నిలబడతారు. నేను లోపలి తలుపు బిగించి, గదిలోకి నీళ్లు వదిలి, బయటి తలుపు తెరుస్తాను. సాయంత్రం వాళ్లు తిరిగొస్తే బయటి తలుపు మూసి, నీళ్లు తోడేసి, లోపలికి తెచ్చుకుంటాను. చెప్పడానికి తేలికే. నేను ఏమారితే నలుగురి ప్రాణం.

ఇంత నీటి బరువు కింద కడుపులో పిండం తనంతట తాను నిలవదు. ఊరు కట్టిన మొదటి మూడేళ్లూ ఇక్కడ ఒక్క బిడ్డ కూడా పుట్టలేదు. ఒంట్లో ఊరాల్సిన హార్మోను ఈ లోతులో సరిపడా ఊరదు కాబట్టి పన్నెండో వారం నిండేదాకా బిళ్ళతో భర్తీ చేయాలి. కడుపని తెలిసేసరికే నాలుగు వారాలు పోతాయి, మిగిలిన యాభై ఆరు రోజులూ బిళ్ళ. ఆ తర్వాత బిడ్డతో పాటు కడుపులో పెరిగే మాయ ఆ పని తాను చూసుకుంటుంది. బిళ్ళ వచ్చాక ఎనిమిదేళ్లలో నలభై ముగ్గురు పుట్టారు. వాళ్లలో నా పిల్లలు లేరు. నాకిది మూడోసారి. మొదటిది పంతొమ్మిదో బిళ్ళ రోజున పోయింది, రెండోది ఇరవై ఏడో రోజున. దీని గురించి ఇంతకంటే రాయను. ఇది ఏడవడానికి ఇచ్చిన పుస్తకం కాదు.

పొద్దున ముద్ద తిన్నాను. ఊరి వంటశాల మా అత్త దాలమ్మ చేతిలో ఉంది. బిళ్ళ వేసుకునే వాళ్లందరికీ తెల్లారగానే ఆవిడే ముద్ద పెడుతుంది. గుప్పెడు వేడన్నం, మధ్యలో బిళ్ళ, పైన నెయ్యి. ఆ మనిషితో పాటు పనిచేసే ఆడవాళ్లు తమ వంతు నేతిలోంచి తలా అర చెంచా తెచ్చి పోయాలి. అది ఇక్కడి ఆనవాయితీ. నాకు తలుపుల దగ్గర ఆరుగురు స్నేహితులు. నా ముద్దలో అన్నం కంటే నెయ్యే ఎక్కువ.

"నవలకే. గుటుక్కున మింగీయి," అంది అత్త. మింగేశాను. అత్త కళ్లు తుడుచుకుంది. ఆవిడ కళ్లు తుడుచుకోవడం నేను ఎనిమిదేళ్లలో మూడోసారి చూశాను.

రోజు 4

రొమ్ములు సలుపుతున్నాయి. పొట్ట ఉబ్బరం. మధ్యాహ్నం అయ్యేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయి.

మూడు రోజులుగా మలబద్ధకం. డాక్టరమ్మ అన్నీ రాయమంది కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ ఎనిమిది కుటుంబాలకు ఒక్క మరుగుదొడ్డి. నేను లోపల ఉంటే బయట వరసలో ఉన్నవాళ్లు నా పేరు పెట్టి బతిమాలుతున్నారు. ఇక్కడి గాలిలో కలిపే వాయువు వల్ల అందరి గొంతూ చిలక గొంతే. ఎనిమిది చిలకలు తలుపు బయట నన్ను పిలుస్తుంటే వచ్చేది కూడా రాదు.

సాయంత్రం పచ్చడి సీసా మూత రాలేదని ఏడ్చాను. మామూలుగా కాదు, వెక్కి వెక్కి. మా ఆయన అసిరయ్య నాచు తోట నుంచి అప్పుడే వచ్చాడు. సీసా తీసుకుని, మూత తిప్పి, నా ముందు పెట్టాడు.

"ఇందా. ఇంకేటైనా మూతలుంటే ఇప్పుడే సెప్పీ, అన్నీ ఒకేపాలి తీసీసి తొంగుంటాను," అన్నాడు.

నవ్వొచ్చింది. నవ్వుతూ ఇంకాసేపు ఏడ్చాను.

రోజు 7

తల తిరుగుతోంది. తలుపు చక్రం తిప్పడానికి లేస్తే నేల ఒక పక్కకి వంగినట్టు అనిపించింది. వైద్యశాలకు వెళ్లాను. డాక్టర్ మృదుల పై నుంచి దిగి ఏడాది అయింది. చిన్నపిల్ల. ఎంతటి మాటనైనా మెల్లగా, గౌరవంగా చెబుతుంది.

"కొంచెం మత్తు, కొంచెం తల తిరగడం ఈ బిళ్ళతో మామూలేనండీ నూకరత్నం గారూ. సగం బిళ్ళ వల్ల, సగం కడుపు వల్ల. ఏది దేనివల్లో విడదీసి చెప్పడం కష్టం. ఖాళీ కడుపుతోనే వేసుకుంటున్నారు కదా?"

"ఔనమ్మా. తెల్లారి లేచి ఇంకేమీ ముట్టకముందే."

అబద్ధం చెప్పలేదు. నేను చెప్పింది నిజమనే నమ్మాను.

రోజు 9

ఈ రోజు రెండుసార్లు పుస్తకం మూసి మళ్లీ తెరిచాను.

సాయంత్రం నలుగురు తిరిగొచ్చారు. బయటి తలుపు మూశాను. నీళ్లు తోడే మర తిప్పాలి. చెయ్యి మర మీద పెట్టినట్టు గుర్తుంది. తర్వాత గుర్తున్నది దబదబ బాదుతున్న చప్పుడు. గోడ గడియారం చూస్తే పదకొండు నిమిషాలు గడిచాయి. గదిలో నీళ్లు పైకప్పు దాకా అలాగే ఉన్నాయి. వాళ్ల వీపున ఉన్న డబ్బాల్లో గాలి ఆఖరుకొచ్చేసింది. గాజు అద్దం వెనక మొదటి మొహం అసిరయ్యది.

మర తిప్పాను. అందరూ బతికే వచ్చారు. వాళ్లలో ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

రాత్రి భోజనాలకు ముందే సర్పంచ్ బంగారునాయుడు వచ్చి నన్ను తలుపు దగ్గర నుంచి తీసేశాడు. వంటశాలలో నాచు ఏరే పని ఇచ్చాడు. నా మీద నాకే మండిపోతోంది. పదేళ్లలో ఒక్కసారి కూడా కునుకు తీయని మనిషిని.

రోజు 12

పైన తుఫాను. నాలుగు రోజుల నుంచి సరుకుల తొట్టి దిగలేదు. ఉప్పు, బియ్యం ఉన్నాయి. నెయ్యి అయిపోయింది.

నెయ్యి లేని ముద్దని అత్త ముద్దగా ఒప్పుకోదు. "ఒట్టి అన్నం ముద్ద సేసి పెట్టడానికి నా సేతులు రావు," అని, బిళ్ళ ఒక చేతిలో, నీళ్ల గ్లాసు ఇంకో చేతిలో పెట్టి మొహం తిప్పుకుంటోంది. నీళ్లతో మింగుతున్నాం.

మత్తు లేదు. తల తిరగడం లేదు. ఉబ్బరం కొంచెం ఉంది. ఒంటికి బిళ్ళ అలవాటైపోయినట్టుంది. నా తలుపు నాకిచ్చేయమని సర్పంచ్‌ని అడగాలి.

రోజు 15

నిన్న తొట్టి దిగింది. నెయ్యి వచ్చింది. నాలుగు రోజులు ముద్ద లేకుండా గడిపిన పిల్లలు కదా అని అత్త ఇవాళ రెండు ముద్దలేసి పెట్టింది. తోట ఆడవాళ్లు వరసలో నిలబడి మరీ నెయ్యి పోశారు.

పది గంటలకు లోవకుమారి పడిపోయింది. నాచు తోటల్లో అందరికంటే చలాకీ పిల్ల, రెండో నెల. నిచ్చెన మీద నుంచి కళ్లు తిరిగి వెనక్కి వాలింది. భుజం ఎముక విరిగింది. కడుపులో బిడ్డకు ఏమీ కాలేదని డాక్టరమ్మ చెప్పేదాకా వైద్యశాల ముందు జనం కదల్లేదు.

నాకూ మళ్లీ నేల వంగింది. కూర్చున్న చోటే రెండు గంటలు నిద్రపోయాను. నాచు గంప మీద తల పెట్టి నిద్రపోయానట. ఇంటికొచ్చి తల దువ్వుకుంటుంటే నాచు రాలింది.

రోజు 16

ఊరి సభ జరిగింది. బంగారునాయుడు చెడ్డవాడు కాదు. భయపడ్డాడు.

"ఏడుగురు ఆడోలు ఈ బిళ్ళ మీదున్నారు. ఏడుగురూ తూలుతున్నారు. ఒకలు నలుగుర్ని ముంచీబోనారు. ఇంకొకలు ఎముక ఇరగ్గొట్టుకున్నారు. ఇది మందా, సారాయా? పై వారం సబలో సేతులెత్తండి. ఆపీమంటే ఆపీడమే," అన్నాడు.

డాక్టరమ్మ లేచి, బిళ్ళ ఆపితే ఈ లోతులో ఏడు కడుపులూ నిలవవని చెప్పింది. అయితే ఏడుగురినీ పైకి పంపేద్దామని ఎవరో అన్నారు. పైకి వెళ్లాలంటే ఒత్తిడి మెల్లగా తగ్గిస్తూ ఆరు రోజులు. తొలి పన్నెండు వారాల్లో ఆ ప్రయాణమే కడుపు తీసేస్తుంది. కాబట్టి దారి లేదు.

ఇరవై నాలుగో రోజున చేతులెత్తుతారు. ఆపేస్తే నా బిడ్డ పోతుంది. దీన్ని ఇంకో రకంగా రాయడం నాకు చేతకాదు.

రోజు 17

పొద్దున ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. తలుపు దగ్గర అలవాటు. ఎక్కడైనా తేడా వస్తే వెనక్కి వెళ్లి రాత చూస్తాం, మాటలు కాదు.

నాలుగు రోజులు మత్తు లేదు. అలవాటైందనుకున్నాను. అలవాటైతే మళ్లీ ఎందుకొచ్చింది?

మిగతా ఆరుగురి పుస్తకాలూ అడిగి తెచ్చుకున్నాను. ఇద్దరు ఇవ్వడానికి సిగ్గుపడ్డారు. మలబద్ధకం సంగతి అందరిదీ ఒకటేనని చెప్పి, నా పుస్తకం ముందు వాళ్లకు చదివి వినిపించాక ఇచ్చారు. ఏడు పుస్తకాల్లోనూ అవే నాలుగు రోజులు శుభ్రంగా ఉన్నాయి. నెయ్యి లేని నాలుగు రోజులు.

ఇంకొకటి కూడా చూశాను. అందరికంటే తక్కువ మత్తు ఎవరికంటే, రెండు నెలల కిందటే పై నుంచి దిగిన కొత్తమ్మాయికి. ఆ పిల్లకి ఇంకా ఇక్కడ స్నేహితులు లేరు. ముద్దలో నెయ్యి పోసేవాళ్లు లేరు. అందరికంటే ఎక్కువ మత్తు లోవకుమారికి. ఆ రోజు ఆమె ముద్దల్లో తొమ్మిది మంది నెయ్యి పోశారు. ఎవరిని ఊరు ఎక్కువ ముద్దు చేస్తే వాళ్లు ఎక్కువ తూలుతున్నారు.

పుస్తకాలన్నీ మూశాను. తెలుసుకున్నందుకు సంతోషంగా ఉండాలి. నాకు మా అత్త మొహమే కనిపిస్తోంది.

రోజు 18

ఏడు పుస్తకాలూ తీసుకుని వైద్యశాలకు వెళ్లాను. డాక్టరమ్మ అన్నీ చదివి నన్ను చూసింది.

"ఖాళీ కడుపుతో వేసుకుంటున్నామని అందరూ చెప్పారు కదండీ! ఏడుగురినీ అడిగాను నేను. ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాను."

"ఖాళీ కడుపే కదమ్మా. ముద్దలో పెట్టుకుని..."

"ముద్దంటే అన్నం కదా! నెయ్యి కదా!"

"ముద్ద తిండేటమ్మా? ముద్ద మందులో బాగం," అన్నాను. అనేశాక నా చెవికే ఆ మాట ఎలా వినిపించిందో! డాక్టరమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. ముందు నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆవిడకీ వచ్చింది, ఆ తర్వాత ఇద్దరికీ ఆగింది.

ఆవిడ చెప్పింది ఇది. పాత బిళ్ళ కడుపులో మంట పెట్టేది. దానికి అన్నం, నెయ్యి మేలే చేశాయి. ఆరు నెలల కిందట వచ్చిన కొత్త బిళ్ళ వేరు, దాన్ని మొదట వేసుకున్నది మేం ఏడుగురమే. ఈ మందు నేతిలో కరుగుతుంది. నేతితో వెళితే ఒంట్లోకి ఎన్నో రెట్లు ఎక్కువ ఎక్కుతుంది. ఒక్క బిళ్ళ మింగుతున్నామనుకుంటున్నాం, మూడో నాలుగో మింగినట్టు పనిచేస్తోంది. మత్తు, తల తిరగడం అందుకే.

"అయితే సభలో చెప్పేద్దాం అమ్మా."

"చెబితే నమ్ముతారా? మందు కాపాడుకోవడానికి డాక్టరు కథ అల్లిందంటారు. ముద్దతో ఒకసారి, ముద్ద లేకుండా మూడు రోజుల తర్వాత ఒకసారి రక్తం తీసి చూడాలి. అప్పుడు చెప్పొచ్చు. ముద్ద మానేయడానికి ఎవరు ముందుకొస్తారు?"

నేను వస్తానన్నాను. పొద్దున ముద్ద తినే ఉన్నాను కాబట్టి మొదటి రక్తం అప్పుడే తీసింది. మా అత్తకి ఎవరు చెబుతారని ఆవిడ అడగలేదు. అదీ నేనేనని ఇద్దరికీ తెలుసు.

రోజు 19

మొదటిది పోయిన రోజు ఇది. ఇలాంటి రోజునే ఈ మాట చెప్పాల్సొచ్చింది.

వంటశాలలో అత్త ఒక్కతే ఉంది. ముద్ద కలిపి అరచేతిలో పెట్టుకుని నా కోసం చూస్తోంది. నేను బిళ్ళ మాత్రం తీసుకుని నీళ్లతో మింగాను. అంతా చెప్పాను. ఆవిడ చేతిలో ముద్ద అలాగే ఉంది. చివర్లో అంది.

"అంటే నా సేతి ముద్ద ఇసం అంతన్నావు."

"అలగ అన్లేదత్తా. కొత్త బిళ్ళకి పడట్లేదు అంతన్నాను."

"నా సేతి ముద్ద తిన్నోలకి పుట్టిన నలభై ముగ్గురూ ఈ ఊర్లో గెంతుతున్నారు. నీ రెండూ పోయినప్పుడు మంచం కాడ కూకుని నీకు ముద్ద పెట్టింది ఎవలే? నువ్వు నోరు తెరవకపోతే బతిమాలి బతిమాలి పెట్టింది ఎవలే?"

"నువ్వే."

"ఈ ముద్దే నిలబెడతన్నాదేమో. మానీసేక ఏటైనా అయితే? అప్పుడెవలికి సెప్పుకుంటావు?"

ఆ భయం నాకూ ఉంది. ఎక్కువ ఎక్కుతున్న ఆ మందే ఈసారి నా బిడ్డను పట్టి ఉంచుతోందేమో! డాక్టరమ్మ కాదంటుంది. డాక్టరమ్మకి లెక్కలున్నాయి, నాకు రెండు పోయాయి. కోపం కూడా వచ్చింది. ఈ ఊళ్లో ఏ ఆడమనిషికీ చేయని పరీక్ష నా కడుపు మీద నేనే చేసుకోవాల్సి వచ్చిందని.

అత్త ఆ ముద్దని గిన్నెలో పెట్టి, మూత పెట్టి, వెళ్లిపోయింది.

సాయంత్రం అసిరయ్యకి చెప్పాను. చాలాసేపు గోళ్లలో ఇరుక్కున్న నాచు తీసుకుంటూ కూర్చున్నాడు. "అమ్మని సూస్తే ఓ పక్క బాదగుంది. నిన్ను సూస్తే బయమేస్తంది. నువ్వు తలుపు కాడ రాసిన రాత పదేళ్లలో ఒక్కపాలీ తప్పు కాలేదు. నాకు తెలిసింది అదొక్కటే," అన్నాడు.

రోజు 21

నీళ్లతో మూడో రోజు. లోవకుమారి, కొత్తమ్మాయి కూడా పద్దెనిమిదో రోజునే రక్తం ఇచ్చి నాతో కలిశారు. ముగ్గురం తెల్లారకముందే వైద్యశాలలో చేరి బిళ్ళ మింగి, రెండు గంటలు ఆగి గంజి తాగుతున్నాం.

మత్తు లేదు. తల నిటారుగా ఉంది. రొమ్ముల సలుపు అలాగే ఉంది. సలుపు తగ్గలేదని ఒక మనిషి ఇంత సంతోషపడటం ఎవరైనా విన్నారా? పొద్దున లేవగానే నొక్కి చూసుకుంటున్నాను. నొప్పి పుడితే హమ్మయ్య అనుకుంటున్నాను.

అత్త నాతో మాట్లాడటం లేదు. కంచంలో అన్నం పెడుతుంది, నీళ్లు పెడుతుంది, మొహం చూడదు.

రోజు 22

రక్తం ఫలితాలు వచ్చాయి.

ముద్దతో ఉన్నప్పుడు నా ఒంట్లో ఉండాల్సిన దానికి నాలుగు రెట్లు హార్మోను ఉంది. లోవకుమారికి దాదాపు ఐదు రెట్లు. ఇప్పుడు ముగ్గురికీ ఉండాల్సినంతే ఉంది. పిసరు ఎక్కువ కాదు, పిసరు తక్కువ కాదు. డాక్టరమ్మ ఆ కాగితం నా ముందు పెట్టి, నా చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల కళ్లు రాత్రంతా నిద్రలేనట్టు ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆవిడా భయపడిందని నాకప్పుడే తెలిసింది.

కడుపులో బిడ్డ గుండె కనిపించింది. తెర మీద చిన్న మిణుకు. కదులుతోంది.

రోజు 24

ఇవాళ సభ. ఉన్నదున్నట్టు రాస్తాను.

బంగారునాయుడు ముందు మాట్లాడాడు. తర్వాత నేను లేచాను. ఏడు పుస్తకాలు చూపించి, నెయ్యి లేని నాలుగు రోజుల సంగతి చెప్పాను. రక్తం కాగితం డాక్టరమ్మ చదివింది. జనం గుసగుసలాడారు. వెనక నుంచి ఒకాయన లేచి, "ముగ్గురికి తగ్గితే సరిపోద్దేటి? మిగతా నలుగురి మాటేటి? రేపు మల్లీ ఎవలో పడితే?" అని అడిగాడు. ఆ మాటకు చాలా తలలు ఊగాయి. ఆ నలుగురూ నిన్నటిదాకా ముద్ద తింటూనే ఉన్నారని అనుకున్నాను. చేతులెత్తమని బంగారునాయుడు అనబోతుంటే మా అత్త లేచింది.

"నాయుడూ, ఆగు. నాను సెప్పాల్సింది ఉన్నాది."

దాలమ్మ సభలో మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"నా కోడలు నా ముద్దలో తప్పున్నాదని సెప్పినాది. రెండ్రోజులు నాకు ముద్ద దిగనేదు. కోపమొచ్చినాది. మల్లీ ఆలోసించేను. పడిపోయింది ఎవలు? మరీ ఎక్కువ నెయ్యి పోసి నాను ముద్దు సేసిన ఈ గుంట, లోవకుమారి. మొన్న పొద్దున్న ఆ నలుగురి ఇల్లకీ ఎల్లేను. ముద్ద మానండమ్మా, ఒట్టి నీల్లతో మింగండి అని అడిగేను. దాలమ్మ అడిగితే కాదంతారా? మూడు పొద్దుల నుంచి మింగుతున్నారు. తూలుతున్నారేటో మీరే సూడండి."

ముద్ద మానిపించడానికి ఇల్లిల్లూ తిరిగింది మా అత్త! నాతో మాట్లాడకుండా ఉన్న ఆ రోజుల్లోనే. డాక్టరమ్మకి కూడా చెప్పలేదు. ఆవిడ కోపంగా చూడాలో నవ్వాలో తెలియక నోరు తెరుచుకుని ఉండిపోయింది.

సభ మందిరం నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా జానెడు వెడల్పున ఇనప పట్టీ ఉంది. గొట్టం మీద కప్పిన మూత అది. పిల్లలు దాని మీద అడుగులో అడుగేసి ఆడుకుంటారు. అత్త ఏడుగురినీ పిలిచింది.

"నడవండే," అంది.

ముందు లోవకుమారి లేచింది. ఒక చెయ్యి భుజానికి కట్టేసి ఉంది. ఒక్క చేత్తోనే గాలిలో తూకం పట్టుకుంటూ, తాడు మీద నడిచేదానిలా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మధ్యలో ఆగి ఒంటి కాలి మీద గెంతింది కూడా. "ఒలమ్మో, వద్దే!" అని తోట ఆడవాళ్లందరూ ఒక్కసారి అరిచారు. తర్వాత కొత్తమ్మాయి. తర్వాత మిగతా నలుగురూ ఒకరి వెనక ఒకరు. ఒక్కరి కాలూ పట్టీ దాటలేదు. చివర్లో నేను. అవతలి గోడ చేరేసరికి జనం లేచి నిలబడి కేకలేస్తున్నారు. రెండొందల మంది చిలక గొంతులతో ఒకేసారి కేకలేస్తే ఎలా ఉంటుందో పైన ఉన్నవాళ్లకి ఎప్పటికీ తెలియదు.

బంగారునాయుడు నవ్వాడు. చేతులెత్తమన్నాడు. బిళ్ళ ఆపాలన్నవాళ్లు ముగ్గురు. ఉంచాలన్నవాళ్లని లెక్కపెట్టబోయి మధ్యలోనే వదిలేశాడు. వెనక నుంచి ప్రశ్న వేసిన పెద్దమనిషి రెండు చేతులూ ఎత్తాడు.

"నూకరత్నం, రేపట్నించి నీ తలుపు నీదే," అన్నాడు బంగారునాయుడు.

అందరూ చెదిరాక అత్త నా దగ్గరికొచ్చింది. "నలభై ముగ్గుర్నీ నా ముద్దే నిలబెట్టిందనుకున్నానే," అంది.

"కొంత నీదే అత్తా. పాత బిళ్ళకి ముద్ద లేకపోతే ఎవలూ మింగలేకపోదురు."

"మరి ఇప్పుడు నాకు పనేటి?"

"తెల్లారి మమ్మల్ని లేపి నీల్లియ్యాలి. మద్దేనం ముద్ద పెట్టాలి. నెయ్యి మాత్రం తగ్గించకు."

ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుని నెత్తి మీద ఒకటి మొట్టింది. ఐదు రోజుల తర్వాత మా అత్త నన్ను ముట్టుకుంది.

రోజు 25

రెండో తలుపు. నలుగురు వెళ్లారు, నలుగురు వచ్చారు. మత్తు లేదు, తల తిరగలేదు. చక్రం నా చేతుల్లో పూర్వంలాగే తిరిగింది. అసిరయ్య లోపలికొస్తూ అద్దం మీద వేలితో రెండుసార్లు తట్టాడు. అలా తట్టడం ఎన్నడూ లేదు.

రోజు 27

దాటింది.

ఇంకేమీ రాయను. సాయంత్రం దాకా కూర్చుని ఈ ఒక్క మాట రాశాను.

రోజు 41

అత్త తెల్లారే ఏడు గుమ్మాల ముందూ నీళ్ల గ్లాసుతో నిలబడుతోంది. ఎవరైనా మంచం దిగడానికి బద్ధకిస్తే బయట నుంచే తిడుతుంది. మింగి నోరు తెరిచి చూపిస్తేనే కదులుతుంది. మధ్యాహ్నం ముద్దలు. స్నేహితులు తెచ్చే నెయ్యి అలాగే వస్తోంది, ఒక్క చెంచా తగ్గలేదు. ఇప్పుడు అది కడుపు నింపుతుందే తప్ప తల తిప్పదు.

దుష్ప్రభావాలు: ఉబ్బరం కొద్దిగా. మలబద్ధకం పోయింది. ఎనిమిది కుటుంబాలవాళ్లూ అభినందించారు.

రోజు 56

ఆఖరి బిళ్ళ. పన్నెండు వారాలు నిండాయి. ఏడుగురిలో అందరికంటే ముందు మొదలుపెట్టింది నేనే. రేపటి నుంచి మాయదే భారం. మూడు రోజులాగి గుండె వింటానని డాక్టరమ్మ చెప్పింది. ఈ మూడు రోజులూ మందు లేకుండా నిలవాలి. సొంతంగా నిలవాలి.

నాకు భయంగా ఉంది. ఈసారి దాచుకోకుండా రాస్తున్నాను.

రోజు 59

వైద్యశాల ఇరుకు. లోపల నేను, అసిరయ్య, అత్త, డాక్టరమ్మ. గుమ్మం దగ్గర లోవకుమారి, కొత్తమ్మాయి, తలుపుల ఆడవాళ్లు. ఎవరినీ రావద్దని చెప్పలేకపోయాను. డాక్టరమ్మ నా పొట్ట మీద చిన్న గొట్టం పెట్టి అటూ ఇటూ జరిపింది. మొదట గరగర. తర్వాత నా గుండె చప్పుడు. ఆ తర్వాత దాని కింద, దాని కంటే రెండింతల వేగంతో ఇంకొకటి.

డాక్టరమ్మ గడియారం చూస్తూ లెక్కపెట్టింది.

"నిమిషానికి నూట అరవై. బిళ్ళ లేకుండా మూడు రోజులు. నిలిచిందండీ నూకరత్నం గారూ. తనంతట తానే నిలిచింది."

అసిరయ్య గోడకి మొహం పెట్టుకుని నిలబడిపోయాడు. గుమ్మం దగ్గర ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. అత్త వంగి, గొట్టం నుంచి వస్తున్న చప్పుడు దగ్గరగా విన్నది.

"ఏటే ఇంత తొందరగా కొట్టుకుంటన్నాది? బయమేసినాదేటి గుంటకి?"

"అదంతేనండీ," అంది డాక్టరమ్మ, "ఈ వయసులో అందరిదీ అలాగే పరిగెడుతుంది."

"అయితే పరిగెట్టనీ," అంది మా అత్త.

నేను ఏడుస్తున్నాను. ఇది బిళ్ళ వల్ల కాదు. మూడు రోజుల కిందటే ఆపేశాను.